ఇచ్చంపల్లి దగ్గర చాలని బలం

కాటన్ దొరను గోదావరి జిల్లాల్లో అపర భగీరథుడంటారు. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే అందుకు సాక్ష్యం. అదే నదికి ఎగువన, ఇప్పటి భూపాలపల్లి జిల్లాలోని ఇచ్చంపల్లి దగ్గర, ఆ దొర తలపెట్టిన పని నెరవేరలేదన్న సంగతి ఎవరూ పెద్దగా తలుచుకోరు. వార్ధా లోయ పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో సముద్రానికి దించాలన్నది ఆ పథకం. దారిలో మూడు రాతి అడ్డంకులు: దుమ్ముగూడెం, కాళేశ్వరం దిగువన ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. 1871లో పనులు మానేశారు. ఖర్చు పెరిగిందనీ, రైలు వచ్చిందనీ కారణాలు చెబుతారు. అసలు కారణం నీటి స్వభావంలోనే ఉందని నా వాదన.

పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టి తేలుతుంది. అందుకే బండెడ్లు కదపలేని సరుకును నిలకడ నీటిలో ఇద్దరు మనుషులు తాడు పట్టి లాగేస్తారు. చూసేవాళ్లకది భీముడి బలం, మోసింది మాత్రం నీరు. ఆ నీరే కదలికకు అడ్డం పడుతుంది కూడా. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. ఎదురు వడిలో పడవ జానెడు ముందుకు జరగకపోయినా నీరు దాన్ని ఒరుసుకుంటూ పోతూనే ఉంటుంది గనుక, ఉన్నచోట నిలవడానికే సత్తువంతా సరిపోతుంది. ఇచ్చంపల్లి దగ్గర వానాకాలంలో పడవ తేలేంత లోతుంటుంది, వరద వడి ఎగువకు ఎక్కనివ్వదు. ఎండాకాలంలో వడి తగ్గుతుంది, దాంతోపాటే లోతూ పోయి పడవ అడుగు రాతికి తగులుతుంది. పత్తి దిగువకే పోవాలి కదా అనవచ్చు. దించిన పడవ మళ్లీ ఎగువకు రావద్దూ!

కాలువ తవ్వి లాకులు కడితే చాలదా అంటే, రాళ్లను దాటించవచ్చు. అడ్డంకుల నడుమ నది నదిలాగే ఉంటుంది. 1867లో నాగపూర్ చేరిన రైలు పత్తిని బొంబాయికి మళ్లించిందన్న మాట నిజమే. అయితే డెల్టాలో 1890ల్లో రైలు నడిచాక కూడా కాలువ పడవలు దశాబ్దాలపాటు సరుకు మోశాయి. అక్కడ ఆనకట్ట నీటికి లోతునిచ్చింది, లాకులు వడిని అణిచాయి. రైలొక్కటే పడవను చంపేదైతే ముందు అక్కడే చంపాలి. నది అలా లొంగని ఇచ్చంపల్లి వైపు, ఇటు నిజాం రాజ్యంలో, సరుకులు వేరే దారి పట్టాయి: 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరిన పట్టాల మీద, జనగామ, మానుకోటల మీదుగా.