ఈదినది మనిషియా, వస్త్రమా?

పంచె కట్టుకొని చెరువులో దిగినవారికి, తడిసిన గుడ్డ కాళ్ళను ఎట్లు వెనుకకు లాగునో వేరుగా చెప్పనక్కరలేదు. నీరు గాలికన్న సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందులో కదలు వస్తువునకు కలుగు నిరోధము, ఇంచుమించుగా వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. అనగా వేగము రెండింతలైనచో నిరోధము నాలుగింతలగును. ఈతపోటీలలో దుస్తులకు ఇంత ప్రాధాన్యము కలుగుటకు ఇదియే మూలకారణము.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఉన్ని దుస్తులు వాడుకలో ఉండెను. అవి నీరు పీల్చి బరువెక్కెడివి. క్రమముగా వాటి స్థానమున పట్టు, నూలు, నైలాను వచ్చినవి. 1973లో బెల్‌గ్రేడు ప్రపంచపోటీలలో తూర్పు జర్మనీ యువతులు ఒంటికి అంటుకొనిపోవు పలుచని దుస్తులతో దిగి, 14 పోటీలలో 10 గెలిచిరి. వారి దేశములో క్రీడాకారులకు ఉత్ప్రేరక ఔషధము లిచ్చిన సంగతి తరువాత బయటపడినది గనుక, ఆ విజయములో వస్త్రముపాలు ఎంతయో తేల్చుట కష్టము. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో సొరచేప చర్మమును అనుకరించిన దుస్తులు కనబడినవి. అయితే 2012లో హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షింపగా, సొరచేప పొలుసులవలన ఈతకు కలుగు లాభము ఆ గుడ్డపై గరుకుతనమువలన కలుగుట లేదని తేలెను.

అసలు విప్లవము 2008 ఫిబ్రవరిలో వచ్చినది. స్పీడో సంస్థ ‘ఎల్.జెడ్.ఆర్. రేసర్’ అను దుస్తును వెలువరించెను. దాని గుడ్డలను అమెరికా అంతరిక్షసంస్థ నాసావారి గాలిసొరంగములో పరీక్షించిరి. కుట్లకు బదులు అతిధ్వని తరంగములతో అతుకులు వేసిరి. పాలీయురేథేన్ పలకలు శరీరమును గట్టిగా బిగించి నునుపు చేసెడివి. పాలీయురేథేన్ నీరు పీల్చదు. పైగా ఇట్టి దుస్తులలో చిక్కుకొన్న గాలి శరీరమును కొంచెము పైకి తేల్చును. శరీరము ఎంత పైకి తేలిన నిరోధము అంత తగ్గును.

జపాను ఈతగాళ్ళు అప్పుడు స్వదేశపు సంస్థల దుస్తులనే ధరింపవలసి యుండెను. 2008 జూనులో కోసుకె కితాజిమా ఈ కొత్త దుస్తుతో 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ ఈతను 2 నిమిషముల 7.51 సెకండ్లలో ముగించి, ప్రపంచరికార్డును దాదాపు ఒక సెకండు తగ్గించెను. ఆ నెలలోనే జపాను సమాఖ్య ఆంక్షను సడలించెను. బీజింగు ఒలింపిక్స్‌లో ఈతలో నమోదైన 25 ప్రపంచరికార్డులలో 23 ఈ దుస్తులోనే వచ్చినవి.

మరుసటి ఏడు ఇతర సంస్థలు పూర్తిగా పాలీయురేథేన్‌తోనే దుస్తులు చేసినవి. 2009లో రోము ప్రపంచపోటీలలో 43 రికార్డులు పడిపోయినవి. బీజింగులో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 1 నిమిషము 46 సెకండ్లతో ఐదవవాడైన జర్మను యువకుడు పాల్ బీడర్మన్, రోములో అదే దూరమును 1 నిమిషము 42 సెకండ్లలో ఈది మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించెను. దుస్తువలన తేడా కలిగినదని బీడర్మన్ తానే ఒప్పుకొనెను.

ఇక గెలిచినది ఎవరో చెప్పుట ఎట్లు? అంతర్జాతీయ ఈత సమాఖ్య 2010 జనవరి 1 నుండి ఇట్టి దుస్తులను నిషేధించెను. నేసిన గుడ్డలే వాడవలెను. పురుషులకు నడుమునుండి మోకాలివరకు, స్త్రీలకు భుజములనుండి మోకాలివరకే అనుమతి. పాతరికార్డులను మాత్రము రద్దు చేయలేదు. రోములోనే బీడర్మన్ నెలకొల్పిన 400 మీటర్ల రికార్డు 2025 ఏప్రిల్‌లో లూకస్ మెర్టెన్స్ చేతిలో చెదరువరకు నిలిచినది.

నేటికిని బిగువైన ఖరీదుగల పోటీదుస్తులు ఉన్నవి. ఉత్తమశ్రేణివాటి వెల వందల డాలర్లు. కొలదిపోటీలకే వాటి బిగువు సడలును. సెకండులో నూరవవంతుతో పతకము చేజారు మేటి ఈతగాడు వాటిని విడువలేడు. సాధనకు మాత్రము అతడును మామూలు దుస్తులే తొడుగును. ఎదిగే పిల్లల విషయము వేరు. వారికి చేతి విసురు, మలుపు, ఊపిరి చక్కబడినచో సెకండ్లకు సెకండ్లే కలసివచ్చును. ఆ చిన్నవయస్సులో దుస్తుకొనలేని పిల్లవాడు వెనుకబడుట న్యాయము కాదు. అందుచేతనే అమెరికా ఈత సమాఖ్య 2020 సెప్టెంబరు నుండి తన పోటీలలో 12 ఏండ్లు, అంతకు లోబడిన పిల్లలకు సాంకేతిక దుస్తులను చాలవరకు నిషేధించెను.

నిరోధమును తగ్గించు ఉపాయములలో అందరికిని అందుబాటులో ఉన్నది శరీరమును నీటిలో తిన్నగా నిలుపుకొనుటయే. దానికి వెల లేదు. సాధన మాత్రము కావలెను.