విద్యా ఋణం

విద్యా ఋణం అనగా ఉన్నత విద్యకు అవసరమయ్యే బోధన రుసుము, వసతి, పుస్తకాలు, పరికరాలు, ప్రయాణం మొదలైన ఖర్చుల కొరకు బ్యాంకు లేదా ఇతర ఆర్థిక సంస్థ విద్యార్థికి ఇచ్చే అప్పు. చదువు సాగుతున్న కాలంలో వాయిదాలు చెల్లించనవసరం లేకపోవడం, చదువు ముగిసిన పిదప సంపాదన నుండి తీర్చవలసి ఉండడం దీని ముఖ్య లక్షణాలు. విద్యార్థి వేతనం, ఫీజు రీయింబర్స్‌మెంటు వంటివి తిరిగి ఇవ్వనవసరం లేని సహాయాలు. ఋణం మాత్రం వడ్డీతో సహా తీర్చవలసినది. కావున ముందుగా ఉచిత సహాయాలన్నీ పరిశీలించి, మిగిలిన లోటుకు మాత్రమే ఋణం తీసుకోవడం ఉత్తమం.

చరిత్ర

భారతదేశంలో ప్రతిభ గల పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం 1963లో జాతీయ ఋణ విద్యార్థి వేతనాల పథకాన్ని ప్రారంభించింది. ఇది వడ్డీ లేని ఋణం. 1990వ దశకంలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు పెరిగి, చదువు ఖర్చు కుటుంబాలపై పడడంతో బ్యాంకుల పాత్ర ముఖ్యమైనది. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యా ఋణ పథకాన్ని అమలు చేయవలసిందిగా 2001 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు సూచించింది. అప్పట్లో గరిష్ఠ పరిమితి దేశంలో చదువుకు 7.5 లక్షల రూపాయలు, విదేశీ చదువుకు 15 లక్షల రూపాయలు. తరువాత ఇవి 10 లక్షలకు, 20 లక్షలకు పెరిగాయి. ఇవి నమూనా పరిమితులు మాత్రమే. బ్యాంకులు తమ విచక్షణ మేరకు అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు.

ఇతర దేశాలలో ఈ విధానం భిన్నంగా ఉన్నది. అమెరికాలో 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ద్వారా ప్రభుత్వ హామీ ఋణాలు విస్తరించాయి. ఆస్ట్రేలియా 1989లో ప్రవేశపెట్టిన పద్ధతిలో పట్టభద్రుని ఆదాయం ఒక స్థాయి దాటిన తరువాతనే చెల్లింపు మొదలవుతుంది. భారతదేశంలో ఆదాయంతో ముడిపడిన ఇటువంటి చెల్లింపు లేదు. ఉద్యోగం దొరికినా దొరకకపోయినా గడువు తీరగానే వాయిదాలు మొదలవుతాయి.

ముఖ్య నిబంధనలు

నమూనా పథకం ప్రకారం సాధారణ నిబంధనలు ఇవి:

* హామీ: 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు గాని, మూడవ వ్యక్తి పూచీ గాని అవసరం లేదు. తల్లిదండ్రులు సహ ఋణగ్రహీతలుగా సంతకం చేస్తారు. 4 లక్షల నుండి 7.5 లక్షల వరకు మూడవ వ్యక్తి పూచీ, 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు.
* సొంత వాటా: 4 లక్షల వరకు లేదు. అంతకు మించితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశంలో చదువుకు 15 శాతం కుటుంబం భరించాలి.
* విరామ కాలం: కోర్సు కాలం, ఆపై ఒక సంవత్సరం. ఈ కాలంలో సాధారణ వడ్డీ లెక్కిస్తారు.
* చెల్లింపు: విరామ కాలం తరువాత 15 సంవత్సరాల వరకు.
* పంపిణీ: ఏటేటా లేదా సెమిస్టరు వారీగా రుసుము నేరుగా విద్యాసంస్థకు చేరుతుంది.

2015లో కేంద్రం ఏర్పాటు చేసిన విద్యా ఋణాల పరపతి హామీ నిధి కింద 7.5 లక్షల వరకు తాకట్టు గాని, మూడవ వ్యక్తి పూచీ గాని లేకుండా ఋణం ఇచ్చిన బ్యాంకుకు, బకాయి పడిన మొత్తంలో 75 శాతం వరకు హామీ లభిస్తుంది. ఈ హామీ బ్యాంకుకు మాత్రమే రక్షణ. విద్యార్థి బాధ్యత దీనివలన తీరిపోదు.

వడ్డీ రాయితీ పథకాలు

తల్లిదండ్రుల వార్షికాదాయం 4.5 లక్షలు మించని విద్యార్థులకు విరామ కాలపు వడ్డీని పూర్తిగా భరించే కేంద్ర పథకం 2009–10 విద్యా సంవత్సరం నుండి అమలులోకి వచ్చింది. ఇది సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు వర్తిస్తుంది. కెనరా బ్యాంకు దీనికి నోడల్ బ్యాంకు. 2018 నుండి దీనిని 7.5 లక్షల వరకు గల ఋణాలకు, నాక్ లేదా జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు వంటి అర్హత గల సంస్థలకు, కోర్సులకు పరిమితం చేశారు. కావున కళాశాలకు ఆ గుర్తింపు ఉన్నదో లేదో చేరకముందే తెలుసుకోవాలి.

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపిక చేసిన నాణ్యమైన ఉన్నత విద్యాసంస్థలలో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి తాకట్టు, పూచీ లేకుండా ఋణం లభిస్తుంది. ఆమోదించిన నాటికి ఇటువంటి సంస్థలు 860. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ విద్యార్థి వేతనం గాని, వడ్డీ రాయితీ గాని పొందనివారికి 10 లక్షల వరకు గల ఋణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ రాయితీని ఏటా లక్షమంది విద్యార్థులకు పరిమితం చేశారు.

ఐ.టి.ఐ. వంటి స్వల్పకాలిక వృత్తి శిక్షణలకు వేరుగా నైపుణ్య ఋణ పథకం ఉన్నది. 2015లో 1.5 లక్షలుగా ఉన్న దీని పరిమితిని 2024లో 7.5 లక్షలకు పెంచారు.

కొడకండ్ల ప్రాంత విద్యార్థికి మార్గాలు

కొడకండ్ల జనగామ జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11కు పూర్వం ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. వ్యవసాయంతో పాటు చేనేతపై ఆధారపడిన కుటుంబాలు ఇక్కడ గలవు. ఇంజనీరింగు, వైద్యం వంటి చదువులకు ఇటువంటి మండలాల విద్యార్థులు జనగామ, వరంగల్, హైదరాబాదు వంటి పట్టణాలకు వెళ్ళవలసి ఉండడంతో, బోధన రుసుముకు వసతి, భోజనం ఖర్చు తోడవుతుంది.

మొదట చూడవలసినది ఫీజు రీయింబర్స్‌మెంటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వెనుకబడిన తరగతుల విద్యార్థులకు విస్తరించిన ఈ పథకానికి తెలంగాణలో ఈ-పాస్ ద్వారా దరఖాస్తు చేస్తారు. ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు రాని వెనుకబడిన తరగతుల ఇంజనీరింగు విద్యార్థులకు ఏడాదికి 35,000 రూపాయల పరిమితి ఉండగా, పలు ప్రైవేటు కళాశాలల రుసుము లక్ష రూపాయలు దాటింది. ఈ వ్యత్యాసమే అనేక కుటుంబాలను అప్పువైపు నడిపిస్తుంది. బకాయిలు పేరుకుపోవడంతో 2025 నవంబరులో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల యాజమాన్యాలు బంద్ పాటించాయి. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైనప్పుడు ముందుగా రుసుము కట్టమని కళాశాలలు ఒత్తిడి చేసే సందర్భాలు ఉన్నందున, ఆ అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండవది, విద్యాసంస్థ ఇచ్చే మినహాయింపు. ఉదాహరణకు, వరంగల్‌లోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ బి.టెక్. కోర్సులో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, కుటుంబాదాయం లక్ష లోపు ఉన్నవారికి బోధన రుసుము పూర్తిగా, లక్ష నుండి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతులు మినహాయింపు గలదు.

ఆ తరువాతనే ఋణం. 2015 ఆగస్టులో ప్రారంభమైన విద్యాలక్ష్మి వెబ్‌సైటు ద్వారా గాని, నివాసానికి సమీపంలోని బ్యాంకు శాఖలో గాని దరఖాస్తు చేయవచ్చు. 2025 జనవరి 1న, వరంగల్ కేంద్రంగా పనిచేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో విలీనమయ్యాయి. ప్రవేశ పత్రం, రుసుముల పట్టిక, మార్కుల పత్రాలు, ఆధార్, పాన్, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేస్తారు.

వడ్డీ భారం: ఒక ఉదాహరణ

నాలుగేళ్ళ కోర్సుకు ప్రతి సంవత్సరం ఆరంభంలో లక్ష చొప్పున 4 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారని అనుకుందాం. విరామ కాలం ఐదేళ్ళు. మొదటి లక్షపై ఐదేళ్ళకు, రెండవదానిపై నాలుగేళ్ళకు, మూడవదానిపై మూడేళ్ళకు, చివరిదానిపై రెండేళ్ళకు వడ్డీ కలిపితే 1,40,000 రూపాయలు అవుతుంది. దీనిని అసలుకు కలిపితే బాకీ 5,40,000.

* 10 సంవత్సరాలలో తీర్చితే నెలసరి వాయిదా సుమారు 7,136 రూపాయలు. మొత్తం చెల్లింపు సుమారు 8.56 లక్షలు.
* 15 సంవత్సరాలలో తీర్చితే వాయిదా సుమారు 5,803 రూపాయలు; మొత్తం సుమారు 10.45 లక్షలు.
* విరామ కాలపు వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లించి, అసలును 10 సంవత్సరాలలో తీర్చితే మొత్తం సుమారు 7.74 లక్షలు.
* పూర్తి వడ్డీ రాయితీ లభించి, 10 సంవత్సరాలలో తీర్చితే వాయిదా సుమారు 5,286 రూపాయలు. మొత్తం సుమారు 6.34 లక్షలు.

గడువు పెంచితే నెలసరి భారం తగ్గినా మొత్తం భారం పెరుగుతుందని దీనివలన తెలుస్తుంది. చదువు కాలంలో వడ్డీ చెల్లించేవారికి 1 శాతం వరకు, విద్యార్థినులకు 0.5 శాతం తగ్గింపు కొన్ని బ్యాంకులు ఇస్తాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారు చెల్లించిన వడ్డీని ఎనిమిదేళ్ళ వరకు ఆదాయం నుండి మినహాయించుకోవచ్చు. 1961 చట్టంలో ఇది 80ఇ విభాగం.

విదేశీ విద్య

అమెరికాలో విద్యార్థి వీసాపై చదివేవారికి అక్కడి సమాఖ్య ప్రభుత్వ ఋణాలు లభించవు. అందువలన తెలుగు విద్యార్థులు స్వదేశీ బ్యాంకులను, బ్యాంకింగేతర సంస్థలను ఆశ్రయిస్తారు. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి పేర, మైనారిటీలకు వేరొక పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సహాయం ప్రకటించింది. ఇది తిరిగి చెల్లించనవసరం లేనిది.

ఇల్లు లేదా పొలం తాకట్టు పెట్టి విదేశం వెళ్ళేవారు విద్యాసంస్థ గుర్తింపును స్వయంగా పరిశీలించుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు నష్టపోయినవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం, వీసా అక్రమాలను పట్టుకొనుటకు అమెరికా అధికారులే సృష్టించినదని బయటపడింది. అరెస్టయిన విద్యార్థులలో తెలుగువారు అనేకులు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో, విదేశీ ఉద్యోగం మీదనే ఆధారపడిన చెల్లింపు ప్రణాళికలు మరింత అనిశ్చితమయ్యాయి.

దరఖాస్తుదారుని హక్కులు, బాధ్యతలు

నమూనా పథకం ప్రకారం దరఖాస్తును సాధారణంగా 15 రోజులలో పరిష్కరించాలి. తిరస్కరించాలంటే పై అధికారి అనుమతి ఉండాలి, కారణం తెలియజేయాలి. కావున తిరస్కరణను వ్రాతపూర్వకంగా కోరడం మంచిది. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజులలో పరిష్కారం లభించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. విద్యార్థి సిబిల్ స్కోరు తక్కువన్న కారణంతోనే విద్యా ఋణం నిరాకరించరాదని 2023లో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది.

వాయిదా 90 రోజులు మించి బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. దాని ప్రభావం విద్యార్థితో పాటు సహ ఋణగ్రహీత అయిన తల్లి లేదా తండ్రి పరపతి చరిత్రపై కూడా పడి, వారికి ఇతర అప్పులు పుట్టడం కష్టమవుతుంది. ఉద్యోగం ఆలస్యమైతే బకాయి పడకముందే బ్యాంకును కలిసి గడువు పొడిగింపు కోరాలి. చలన వడ్డీ ఋణాన్ని ముందుగా తీర్చినందుకు వ్యక్తుల నుండి అపరాధ రుసుము వసూలు చేయరాదు.

ఇవి కూడా చూడండి

* కొడకండ్ల
* జనగామ జిల్లా
* భారతీయ రిజర్వు బ్యాంకు
* విద్యార్థి వేతనం
* జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, వరంగల్