శిరివెళ్ల రాతి మిద్దెలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉంది మా శిరివెళ్ల. తూర్పున నల్లమల, పడమర కుందూ నది, నడుమ నల్లరేగడి. ఆంగ్లేయుల కాలంలో కర్నూలు జిల్లాలోని ఒక తాలూకాకు మా ఊరి పేరే ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాం. ఊరి చరిత్ర రాయబోతే అందరికీ ముందు గుళ్లూ శాసనాలే గుర్తొస్తాయి. పాత వీధుల్లో పాడుపడిన సేద్యగాళ్ల మిద్దెలకూ ఆ చరిత్రలో చోటుండాలి.

రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద గోడ నిలవదు. అందుకే రేగడి దాటి గట్టినేల తగిలేదాకా పునాది తవ్వేవాళ్లు. గోడకు లోపలొక వరస, బయటొక వరస రాయి పేర్చి, నడుమ చెక్కరాళ్లు, మన్ను కూరేవాళ్లు. అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడుగురాయిని అడ్డంగా వేస్తే రెండు వరసలూ విడిపోకుండా ఉంటాయి. ఆ మందం వల్లే మే నెల ఎండల్లోనూ లోపల చల్లగా ఉంటుంది. నేలకు పరిచింది బేతంచెర్ల, బనగానపల్లె వైపు దొరికే నాపబండ.

అసలు పనితనం పైకప్పులో ఉంది. కంబాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన చెక్కలో బండలో పరిచి, మన్ను తొక్కి, అన్నిటికీ పైన చవుడు పోసేవాళ్లు. పొలంలో పైరును చంపే చవుడే ఇంటిని కాపాడుతుంది. అందులోని ఉప్పు గుణానికి తడి తగలగానే మట్టి మెత్తబడి సందులు పూడిపోతాయి, నీళ్లు కిందికి దిగవు. వానాకాలానికి ముందు పాత చవుడు సరిచేసి కొత్తది పోయడం ఇంటిల్లిపాదీ చేసే పని.

మిద్దెకు నడిమధ్య గవాచి. వెలుతురు దిగేదీ, పొగ పోయేదీ దాని గుండానే. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి మూసేవాళ్లు. తలవాకిలి దాటగానే ఒక పక్క ఎద్దుల గాడి, ఇంకో పక్క మనుషుల చోటు. జొన్నలు నేలలోని పాతరలో ఉండేవి. పాతర తీసినప్పుడు గాలి ఆడనిచ్చి, దీపం దించి అది ఆరిపోలేదని చూశాకే మనిషి దిగేవాడు. కరువు సీమలో ఏళ్ల తరబడి గింజను దాచిన ఏర్పాటు ఇది.

ఎద్దుల స్థానంలో ట్రాక్టర్లు రాగానే గాడి ఖాళీ అయింది. వరి అన్నం అలవాటై పాతర మూతపడింది. పిల్లలు పట్నాలకు పోయాక చవుడు పోసేవాళ్లు లేరు. ఒక్క చోట నీళ్లు దిగితే దంతె పుచ్చుతుంది, దూలం వంగుతుంది, కప్పు కూలుతుంది. ఆపైన గోడ నడుమ మన్నును వాన కడిగేస్తుంది. రాతి ఇల్లు చెడేది రాతి వల్ల కాదు, కప్పును పట్టించుకోకపోవడం వల్ల.

ఇంగ్లండులోని డార్ట్‌మూర్ పల్లెల్లోనూ మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద బతికిన పొడవాటి రాతి ఇళ్లున్నాయి. అక్కడ 1947 చట్టంతో చారిత్రక కట్టడాల జాబితాలు రాసే పని ఊపందుకుంది. రైతుల ఇళ్లకూ వాటిలో చోటు దక్కింది. జాబితాకెక్కిన ఇంటిని అనుమతి లేకుండా పడగొట్టకూడదు. మన దగ్గర రాతి మిద్దెను రాళ్ల ధరకు అమ్మేస్తున్నాం.

అన్నిటినీ నిలబెట్టలేమని తెలుసు. పడగొట్టే ముందు మాత్రం కొలతలు రాయండి, ఫొటోలు తీయండి, చవుడు మిద్దె వేసిన పెద్దలు చెప్పేది రికార్డు చేయండి. కప్పు ఇంకా నిలిచి ఉంటే ఈ వానలకు ముందే చవుడు పోయించండి. ఊళ్లో ఒక్క మిద్దెనైనా బాగుచేసి బడిపిల్లలకు చూపించే బాధ్యత మన శిరివెళ్ల వాళ్లదే.