తుపాను షెల్టర్లలో సౌరవిద్యుత్తు: మూడు చీకటి రోజుల లెక్క

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరవాత ఆంధ్ర తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద నిలిపిన ఆ భవనాలు ప్రాణాలను కాపాడుతున్నాయి. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖనూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్నీ కరెంటు లేకుండా రోజుల తరబడి ఉంచాయి. గోడలు నిలిచినా దీపం, బోరు మోటారు, ఫోను ఆగిపోతే పసిబిడ్డ తల్లికి ఆ షెల్టరు సగం రక్షణే. కప్పు మీద సోలార్ పలకలు పరిచినంత మాత్రాన ఈ లోటు తీరిపోదు. ముసురులో పలకలు దాదాపు పనిచేయవు. అప్పుడు ఆదుకునేది ముందే నింపి ఉంచిన బ్యాటరీ.

కాబట్టి లెక్క వాడకం నుంచి మొదలవ్వాలి. ఒక నమూనా చూద్దాం. 9 వాట్ల దీపాలు 12, రోజుకు 12 గంటలు వెలిగితే 1.3 యూనిట్లు. 200 ఫోన్ల ఛార్జింగుకు 3 యూనిట్లు. ఒక హార్స్‌పవర్ మోటారు గంటసేపు నడిస్తే ముప్పావు యూనిట్. అంతా కలిపి 5 యూనిట్లు. 30 వాట్ల ఫ్యాన్లు పది, 16 గంటలు తిరిగితే మరో 5. అన్నీ మూడు రోజులు నడవాలంటే, 80 శాతం వరకే వాడే లిథియం బ్యాటరీ 37 యూనిట్లకు పైబడి ఉండాలి. ఫ్యాన్లను వేరే లైనులో పెట్టి ఆపగలిగితే 19 యూనిట్ల బ్యాటరీ చాలు. ఫోన్ల వాటాను మాత్రం తగ్గించకూడదని నా అభిప్రాయం: విడిపోయిన కుటుంబాలను కలిపేది, అంబులెన్సును పిలిచేది ఆ ఫోనే.

ఇక గాలి. గాలి బలాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం మన తీరంలో మూల గాలి వేగం చాలాచోట్ల సెకనుకు 50 మీటర్లు. తుపాను షెల్టర్ల వంటి కట్టడాలకు దాన్ని 1.3తో హెచ్చించాలి. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 1.69 రెట్లవుతుంది; రెండు చదరపు మీటర్ల పలక మీద సుమారు 500 కిలోల బరువుతో సమానం. మామూలు ఇంటి మీద వాడే బిగింపులు ఇక్కడ చాలవు. కప్పు అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం మరింత ఎక్కువ, అక్కడ పలకలు పెట్టకూడదు. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి కనుక ఏటా వానాకాలానికి ముందు పరీక్షించాలి. బ్యాటరీ, ఇన్వర్టర్ కింది ఖాళీలో కాక ఉప్పెన నీరు చేరని అంతస్తులో ఉండాలి.

ఏడాదంతా తాళం వేసిన గదిలో బ్యాటరీ పాడవుతుంది. ఆ భవనంలో బడో అంగన్‌వాడీయో నడిస్తే కరెంటు రోజూ వాడకంలో ఉంటుంది, లోపమేదైనా ఉంటే వెంటనే తెలుస్తుంది. వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు అలర్టు ఇస్తుంది. ఆ క్షణం నుంచే రోజువారీ వాడకం ఆపి బ్యాటరీని నింపుకోవాలి. మంచి ఎండలో 3 కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు 12 యూనిట్లిస్తాయి. ఆకాశం ముందే మూసుకుపోతే, కరెంటు స్తంభాలు కూలకముందే లైను కరెంటుతో కూడా ఛార్జయ్యే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. టెండరులో ఆ షరతును మొదటి పేజీలోనే రాయించాలి.