పెరటికోళ్ల కాపుదల

పెరట్లో, దొడ్లో తిప్పుకుని పెంచే కోళ్లను, వాటి గుడ్లను, పిల్లలను గద్దలు, పిల్లిజాతి జంతువులు, ముంగిసలు, పాముల బారిన పడకుండా కాపాడుకోవడాన్ని పెరటికోళ్ల కాపుదల అనవచ్చు. షెడ్డులో పెరిగే ఫారం కోడికి ఈ బెడద తక్కువ. నాలుగు గింజలు, నాలుగు పురుగులు తనే వెతుక్కుని తినే నాటుకోడికి మాత్రం అది రోజూ ఉండేదే. 2019లో జరిగిన 20వ పశుగణనలో దేశం మొత్తం కోళ్లు వగైరా పెంపుడు పక్షులు 85 కోట్ల పైచిలుకు ఉంటే, వాటిలో పెరటివి సుమారు 31.7 కోట్లు. వీటిలో చాలావరకు పదీ పదిహేను కోళ్లుండే ఇళ్లవే. వెయ్యి కోళ్లలో రెండు పోతే లెక్కలో కలిసిపోతాయి. పది కోళ్ల ఇంట్లో గుడ్డు పెట్టే పెట్ట ఒక్కటి పోయినా ఆ నెల సంతఖర్చు పోయినట్టే.

కోడికి తన జాగ్రత్త తనకుంది. దాని మూలపురుషుడైన ఎర్ర అడవికోడి వేటాడే జంతువుల మధ్యే బతికింది. ఆ తెలివి ఇంటికోడిలో ఇంకా పోలేదు. ఆకాశంలో గద్ద నీడ కనిపిస్తే పుంజు ఒకలా, నేల మీద కుక్కో పిల్లో కనిపిస్తే ఇంకోలా అరుస్తుంది. మొదటిది ఎక్కడి నుంచి వస్తోందో చప్పున పోల్చుకోలేని సాగదీసిన కీచుగొంతు, రెండోది ఊరంతా వినిపించే కొక్కొక్కొక్కు. 1990ల్లో క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే శాస్త్రజ్ఞులు ఈ అరుపులను రికార్డు చేసి, ఏ శత్రువూ లేని చోట పెట్టలకు వినిపించి చూశారు. గద్ద కేక వినగానే పెట్టలు చాటుకు పరుగెత్తాయి, నేల మీది శత్రువును చూసి అరిచే కేక వింటే మెడ నిక్కించి నిలబడ్డాయి. పల్లెలో ఏ ముసలమ్మకైనా ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలుసు. వంటింట్లో ఉండి పుంజు గొంతు విని, గద్ద వచ్చిందో పిల్లి వచ్చిందో చెబుతుంది.

ఈ జాగ్రత్త అంతా పగటి వరకే. చీకటి పడితే కోడికి కన్ను దాదాపు కనిపించదు. పొద్దుగూకేసరికి గూటికి చేరడం, చేరాక కదలకుండా కూర్చోవడం అందుకే. రాత్రి గూటిలోకి ఏదైనా దూరితే కోడి పారిపోలేదు, పక్కనున్న కోడి చస్తున్నా తన చోటు వదలదు. కాబట్టి పగటి నష్టం, రాత్రి నష్టం ఒకటి కావు. తిరిగే కోళ్లలో పగలు ఒకటీ అరా పోవడం ఎంత జాగ్రత్త పడినా పూర్తిగా ఆగదు, తగ్గించుకోవడమే మన చేతిలో ఉంది. రాత్రి పోయిందంటే మాత్రం ఎక్కువసార్లు అది తలుపుదో, దాన్ని వెయ్యడం మరిచిన మనిషిదో తప్పు.

దొంగను గుర్తుపట్టడం

పోయిన కోడికి చేసేది లేదు గానీ అది పోయిన తీరు చూస్తే రేపు ఏం చెయ్యాలో తెలుస్తుంది. పట్టపగలు, ఆరుబయట, పిల్ల ఒక్కటే మాయమై నేల మీద ఏ గుర్తూ లేకపోతే గద్ద తన్నుకుపోయిందనుకోవాలి. జాలెడేగ గద్దకంటే చిన్నది. చెట్టుకొమ్మల్లో దాగి ఉండి ఒక్క ఊపున దిగుతుంది. కోడిపిల్ల విషయంలో కాకిని కూడా తక్కువ అంచనా వెయ్యకూడదు. ఒక కాకి తల్లిని కవ్విస్తుంటే ఇంకోటి వెనక నుంచి పిల్లను ఎత్తుకుపోవడం చాలామంది చూసిందే. పొద చాటున పొంచి ఉండే జెముడుకాకీ, ఎదురుగా వచ్చి బుట్టలో గుడ్లు పట్టుకుపోయే కోతీ పగటి దొంగలే.

ముంగిస కూడా పగలే తిరుగుతుంది. ఇంట్లో వాళ్లు పొలానికి వెళ్లాక కంచె కింద నుంచి వచ్చి పిల్లలను, గుడ్లను పట్టుకుపోతుంది. ఉడుముకు గుడ్లంటే ప్రీతి. అది వచ్చిపోయిన గూటిలో పెంకు కూడా దొరకదు.

రాత్రి వచ్చేవి వేరు. తెల్లారి చూస్తే ఒక కోడి మాయమై, గోడ మీద ఈకలు, దూరంగా చెరుకుతోట వైపు ఇంకొన్ని ఈకలు కనిపిస్తే అడవిపిల్లిని అనుమానించాలి. నక్క కూడా ఇలాగే నోట కరుచుకుని ఊరి బయటకు పోతుంది. కోరింగ మడ అడవుల అంచు పల్లెల్లో బావురుపిల్లి మీద కూడా ఈ నింద పడుతుంటుంది. దాని అసలు తిండి చేపలు.

మానుపిల్లి చెట్ల మీదుగా, ఇంటి కప్పు మీదుగా దిగుతుంది. పునుగుపిల్లి ఎక్కువగా నేల మీదే వస్తుంది. తిరుమలలో శ్రీవారి సేవకు తైలమిచ్చే పునుగుపిల్లే ఇక్కడ కోళ్లగూటి దగ్గర రాళ్లదెబ్బలు తింటుంది. గూటిలో ఒకటి తిని నాలుగైదింటిని మెడ కొరికి వదిలేసి ఉంటే అది పగతో చేసిన పని అనుకుంటారు. కానీ కాదు. వేటజంతువుకు పారిపోలేని ఎర ఎదురుగా కొట్టుకుంటుంటే, కడుపు నిండినా చంపే ఊపు ఆగదు. హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1972లో దీన్ని 'మిగులు వేట' అనే అర్థమిచ్చే మాటతో వివరించాడు. ఒంటినిండా కాట్లుండి, తినకుండా వదిలేసిన కోళ్లు నాలుగైదు పడి ఉంటే అడవి జంతువు కంటే ముందు ఊరకుక్కలను తలుచుకోవాలి.

వారం పది రోజుల పిల్లలు రోజుకొకటి చొప్పున తగ్గిపోతుంటే గోడవార కన్నం వెతకాలి. పందికొక్కు పిల్లను కన్నంలోకి ఈడ్చుకుపోతుంది. పొదగడానికి కూర్చున్న పెట్ట గాయమేమీ కనిపించకుండా చచ్చి పడి ఉండి, కింద గుడ్లు తగ్గితే నాగుపాము పని కావచ్చు. గుడ్లు మాత్రమే పోతే జెర్రిపోతూ కావచ్చు. చీకట్లో గూటిలోకి ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు. టార్చి వేసి చూశాకే గుడ్డు తియ్యాలి.

రాత్రి గూడు

పాతకాలపు ఏర్పాట్లలో కొన్ని ఇప్పటికీ సాటిలేనివి. వెదురుగంప బోర్లించి పైన రాయి పెట్టడం, అరుగు కింద మట్టితో గూడు కట్టి బండ అడ్డం వెయ్యడం, మనుషులు పడుకునే చోటే కోళ్లను పడుకోబెట్టడం అలాంటివే. అరుగు కింద గూటికి రాతిపునాది ఉంటుంది కాబట్టి కన్నం వెయ్యడం కష్టం. దాని లోపం గాలి. వేసవిలో ఉక్కకు, వానాకాలంలో తేమకు కోళ్లు జబ్బుపడతాయి.

కొత్తగా కట్టేవాళ్లు ఎక్కువగా పొరపడేది జాలీ దగ్గర. బజారులో కోళ్లజాలీ పేరుతో దొరికే ఆరుమూలల కన్నాల సన్నతీగ కోడి బయటకు పోకుండా ఆపుతుంది గానీ కుక్కనూ అడవిపిల్లినీ లోపలికి రాకుండా ఆపలేదు. కుక్క దాన్ని చింపుతుంది, దాని కన్నంలోంచి పాము, ఎలుక సులువుగా దూరతాయి. అర అంగుళం కన్నాలుండే వెల్డ్‌మెష్ ఖరీదైనా ఒక్కసారి కొనేది. అంత కొనలేకపోతే కింద రెండడుగుల మేర దాన్ని వేసి పైన సాదా జాలీ వేసుకోవచ్చు. అప్పుడు పైభాగానికి గట్టి కర్రల దడి అదనంగా ఉండాలి. తవ్వి వచ్చేవాటికి జాలీ అంచును అడుగు లోతున పాతాలి. లేదా నేల మీదే బయటి వైపు అడుగున్నర వెడల్పున పరిచి పైన రాళ్లు పేర్చాలి. తవ్వే జంతువు గోడ మొదలు దగ్గరే గోకుతుంది, జాలీ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

నేలకు రెండు మూడడుగుల ఎత్తున, స్తంభాల మీద చెక్కగూడు కట్టుకుంటే సగం బాధ తీరుతుంది. స్తంభాలకు నున్నటి రేకు చుడితే ఎలుకకు పట్టు దొరకదు. గూటికి ఆనుకుని చెట్టుకొమ్మ, దండెం లేకుండా చూడాలి. తలుపుకు తాడు కట్టడం కాదు, గొళ్లెం ఉండాలి. మిగిలిన మేత రాత్రికి గూటిలో ఉంచకూడదు. మేతకు ఎలుక వస్తుంది, ఎలుకకు పాము వస్తుంది. పామును రానివ్వదని వెల్లుల్లి, ఫినాయిలు, కలరా ఉండలు చల్లుతుంటారు గానీ వాటిని నమ్ముకోవడానికి లేదు. గూటి చుట్టూ పుల్లల కుప్ప, ఇటుకల గుట్ట తీసేసి నేల శుభ్రంగా ఉంచడమే మేలు.

పగలు, పిల్లల ప్రాయం

గద్దకు అడ్డు పైకప్పే. పెరడంతా కప్పలేం గనక నాలుగు కంపచెట్ల నీడ, గోడకు వాల్చిన పాత తడిక, బోర్లించిన మంచం ఏదో ఒకటి ఉంటే కోడి దూరిపోతుంది. తీరగ్రామాల్లో పాత చేపలవల ఎత్తున కడతారు. వల నేలను తాకేలా వదిలితే పాములు అందులో చిక్కుకుని చస్తాయి, విడిపించబోయినవాడికి ప్రమాదం. మెరిసే సీడీలు, రిబ్బన్లు కొన్నాళ్లు పనిచేస్తాయి. ఎప్పుడూ ఒకేచోట వేలాడుతుంటే గద్ద వాటికి అలవాటు పడిపోతుంది.

పిల్లలకు మొదటి ఐదారు వారాలూ గండమే. నాటుపెట్ట, ముఖ్యంగా అసిల్ జాతి పెట్ట, తల్లిగా గట్టిది. గద్ద వాలుతుంటే ఎగిరి ఎదుర్కొంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ పెరటికోసం తయారుచేసిన వనరాజ జాతి పక్షులకు రంగురంగుల ఈకలు, పొడుగు కాళ్లు ఉన్నాయి. తెల్లకోడి దూరానికే కనిపిస్తుంది గనక పెరటిలో ఆ రంగు పనికిరాదని, పొడుగు కాళ్లు పరుగుకు పనికొస్తాయని అలా ఎంచారు. అయితే గుడ్ల దిగుబడి పెంచే క్రమంలో పొదిగే గుణం తగ్గిపోయింది. వనరాజ పిల్లకు తల్లి ఉండదు. దాని రెక్కల కింది చోటు మనమే ఇవ్వాలి. ఐదారు వారాలు దీపం వెచ్చదనంలో, జాలీ లోపల పెంచాకే పెరట్లోకి వదలమని చెప్పడం అందుకే. మూడో వారానికే బాగా ఎదిగాయి కదా అని వదిలితే గద్దకు మేపినట్టే.

చట్టం

చట్టం రక్షించే అడవి జంతువు కోళ్లను తిన్నా దాన్ని చంపే హక్కు యజమానికి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. ముంగిస, నక్క, అడవిపిల్లి, నాగుపాము, జెర్రిపోతులకు కూడా రక్షణ ఉంది. కాకి, ఎలుక ఒకప్పుడు చంపదగినవాటి జాబితాగా పేరుపడ్డ ఐదో షెడ్యూలులో ఉండేవి. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. గూటిలో పాము కనిపిస్తే పాములు పట్టేవారికో అటవీశాఖకో కబురు చేసి, వాళ్లు వచ్చేదాకా కోళ్లను పక్కకు తోలుకోవాలి.

పొలానికి వాడే గుళికల మందు మాంసంలో కలిపి పెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. నేరం కావడం అలా ఉంచితే, ఆ మాంసం ఎవరు తింటారో పెట్టినవాడికి తెలియదు. నక్క తినకముందే ఇంటి కుక్క తింటుంది, చచ్చిన కుక్కను కాకి, గద్ద తిని చస్తాయి. ఎలుకలే ప్రధాన తిండిగా బతికే అడవిపిల్లి పోయాక పెరట్లో పందికొక్కులు పెరుగుతాయి.