మినుకు చుక్కల వెలుగు లెక్క

విజయవాడ ఆటోనగరులో అరిగిన ఇరుసును బాగుచేయువాడు కంటిచూపుతో తృప్తిపడడు. కొలత పట్టి చూచును. మినుకు చుక్కల వెలుగునకును అట్టి కొలత ఒకటి కలదు. దానిని 1856లో నార్మన్ పాగ్సన్ స్థిరపరచెను. వెలుగు తగ్గినకొలది తరగతిసంఖ్య పెరుగును. ఐదు తరగతుల భేదమునకు వెలుగు నూరింతలు మారును. మన కంటిచూపు సుమారు ఆరవ తరగతితో ఆగిపోవును. పదునొకండవ తరగతి చుక్క దానిలో నూరవవంతు మాత్రమే. పాగ్సన్ 1861లో మదరాసు వేధశాలకు అధిపతియై వచ్చెను. నాడు బెజవాడయు మదరాసు రాజధానిలోనిదే.

1887లో పారిసున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఛాయాచిత్రములు తీసి, పదునొకండవ తరగతి వరకు గల చుక్కలకు పట్టిక కూర్పదలచి, ఆ పనిని దేశదేశముల వేధశాలలకు పంచిరి. చిలీ దేశపు సాంటియాగోవారు తమ పాలు నెరవేర్పలేకపోగా, దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల ఆ మేర హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చెను. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఈ వేధశాల 1908లో ప్రభుత్వపరమయ్యెను. ఎనిమిదంగుళముల దూరదర్శినితో పోకాక్, పిమ్మట భాస్కరన్ గారు ఈ కార్యమును నడపిరి. తరువాత ఉత్తరమున 36 నుండి 39 డిగ్రీల మేరయు వారికే వచ్చెను. గాజుపలకపై అచ్చుపడిన గళ్లనుబట్టి చుక్క స్థానమును, మచ్చ పెద్దతనమునుబట్టి దాని వెలుగును గ్రహింపవలెను. నాలుగు లక్షలకు మించిన చుక్కలకు కండ్లు పొడుచుకొని చేసిన పని యిది!

ఇట్టి పట్టికలలో స్థానములు మేలైనవి. వెలుగులు మాత్రము అంత నమ్మదగినవి కావు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో ఇరువదియైదు లక్షల చుక్కల చలనములను తేల్చుటకు ఈ పాత కొలతలే ఆధారమైనవి. వెలుగులను మాత్రము హిప్పార్కస్ ఉపగ్రహముపై నూతనముగా కొలిచిరి. 2013లో ఎగసిన గాయా ఉపగ్రహము సుమారు 180 కోట్ల తారలను లెక్కకెక్కించెను. ఈ పట్టికలన్నియు నేడు అంతర్జాలమున ఉచితముగా లభించును.

ఆటోనగరు దీపకాంతిలో మినుకు చుక్కలు కంటికి కనబడవు. చిన్న దూరదర్శినికి కెమెరా తగిలించినచో కొన్నియైన దొరకును. అట్టి చిత్రములోని చుక్కను ప్రక్కచుక్కలతో పోల్చి, పట్టికతో సరిచూడవచ్చును. ఇచట ఒక చిక్కున్నది. నాటి గాజుపలకలు నీలికాంతిని చురుకుగా, ఎఱ్ఱని కాంతిని మందముగా గ్రహించెడివి. కావున ఎఱ్ఱని తార పాత పట్టికలో ఉన్నదానికన్న మసకగా నమోదై యుండును. గాయాకును టైకోకును గూడ వర్ణపరిధులు వేరు. అంకెలు కలియకున్నచో మొదట రంగును విచారింపవలెను.

రంగును కారణము కాకపోయినచో, చుక్కయే మారుచుండవచ్చును. నిజామియావారు 1922లో పదునైదంగుళముల దూరదర్శినిని నెలకొల్పి, వెలుగు మారు తారల పరిశీలన నారంభించిరి. అట్టి అనుమానము కలిగినచో మరునాటి రాత్రి మరల అదే చుక్కను చూడవలసినదే.