మైదానం ఎవరి మాట?

2022లో మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' అన్న బోర్డులు లేచాయి. సర్కారు పిల్లల ఆటకు జాగా చూపడం మంచిదే. కాని 'ప్రాంగణంల ఉన్నం' అనే పిల్లగాడు మాకింతవరకు ఎదురుపడలేదు. 'గ్రౌండుకు పోతున్నం' అంటాడు, 'మైదాన్‌ల ఉన్నం' అంటాడు.

మైదాన్ ఎక్కడి మాట? అరబ్బీలోనూ ఉంది, ఫార్సీలోనూ ఉంది. కదలడం, ఊగడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి పుట్టిందని కొందరంటారు. పాత ఇరానీ భాషదని మరికొందరంటారు. గుర్రాలు ఉరికే బయలు, చౌగాన్ ఆడే బయలు మైదాన్. 17వ శతాబ్దం మొదట్లో షా అబ్బాస్ ఇస్ఫహాన్‌లో కట్టించిన మైదాన్‌లో చౌగాన్ ఆటకు పాతిన రాతి స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ మాటలో మొదటినుంచీ ఆట ఉంది. అటు ఉక్రెయిన్ దాకా పోయింది. 2013-14లో కీవ్ జనం తిరగబడ్డ చోటు పేరూ మైదానే. ఇటు దక్కన్‌కొచ్చి, చివర సున్నా తగిలించుకుని మైదానమయింది. చలం తన నవలకు పేరుగా పెట్టుకునేటంత తెలుగయింది.

1948 దాకా హైదరాబాద్ సంస్థానంలో ఉర్దూ రాజభాష. మిసలు, పహాణీ, తహసీలు కచేరీ మాటలు. కాని పిల్లల నోట్లో మాట ఫర్మానాతో నిలవదు. కలిసి ఆడితేనే నిలుస్తుంది.

మేం ఆడిన జాగాలు చూడండి. ఈద్‌కు ఫార్సీ 'గాహ్', అంటే చోటు, కలిస్తే ఈద్గా. అక్కడ ఏడాదికి రెండు పండుగల నమాజు. మిగతా దినాలన్నీ చిర్రగోనె, గోటీలు. ఆశూర్‌ఖానా ముందున్న గుంట అలావ. మొహర్రంలో అక్కడ నిప్పుల చుట్టూ అన్ని కులాలోళ్లూ అలాయి ఆడతారు. పీర్లు లేని రోజుల్లో ఆ గుంట పిల్లలదే.

అట్లాంటి మైదానంలోనే మమ్మల్ని వేరు చేశారు. బడిలో క్రికెట్ జట్లు పంచినప్పుడు మమ్మల్ని అడక్కుండానే 'పాకిస్తాన్' వైపు నిలబెట్టారు. నవ్వుతూనే నిలబెట్టారు. గెలిస్తే కొట్లాట, ఓడితే ఎగతాళి. మా వెంట వచ్చిన మాట ఊరిదయింది. మేమే ఊరికి కాకుండా పోయాం.

ప్రాంగణం సంస్కృతం. గ్రౌండు ఇంగ్లీషు. మైదానం అరబ్బీ, ఫార్సీ. మూడూ తెలుగుకు బయటినుంచి వచ్చినవే. అయినా ఒకటి స్వచ్ఛమైంది, ఒకటి నాగరికమైంది, మూడోది తురకమాట ఎట్లయింది?

1890లో పాలమూరుకు ఆరో నిజాం పేరుతో మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది. జనం ఇవాళ్టికీ రెండు పేర్లతోనూ పిలుచుకుంటారు. ఒకదానికోసం రెండోదాన్ని చెరపలేదు. మేమూ బోర్డు పీకెయ్యమనడం లేదు. ఆ బోర్డు కింద జట్లు పంచేటప్పుడు మా పిల్లగాడి పేరు విని ఏ వైపు నిలబెట్టాలో తేల్చెయ్యొద్దంటున్నాం. వాడెట్లా ఆడతాడో చూసి పిలవండి.